నిండుకున్న కుండ

వనజాక్షి ఇంట్లో "లేదు" అనే మాటకు చోటు లేదు. చూడండి, ఆ సంగతి చెప్పేదానికి గూడా ఆ మాటే కావాల్సొచ్చె! ఆ యమ్మ ముందర మాత్రం అనద్దండి, మీ మర్యాద మీకు దక్కదు. ఆ ఇంట్లో బియ్యం అయిపోతే "నిండుకున్యాయి" అనాల. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనాల. పుస్తెల దారం తెగితే "పెరిగింది" అనాల. కల్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి శేరు "ఒకటి" కాదు, "లాభం". ఊరికి పోయేవాళ్ళు "పోయొస్తా" అనిందాకా గడప దాటేది కుదరదు.

ఇవేం కొత్త మాటలు కాదు, మన పెద్దోళ్ళు అనేవే. అందరూ గుర్తొస్తే అంటారు, మరిస్తే ఊరకుంటారు. వనజాక్షి మరిచేది గాదు, పక్కనోళ్ళను మరవనిచ్చేది గాదు. "మాపటేల దీపం పెట్టే యాల్లో తథాస్తు దేవతలు తిరుగుతాంటారు. నువ్వు లేదంటే వాళ్ళు తథాస్తంటారు. ఉండేది గూడా పోతాది" అని వాళ్ళవ్వ చిన్నప్పుడు చెప్పిన మాట ఆ యమ్మ మనసులో మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాది అనేది ఆ యమ్మ నోట్లో దినానికి ఒకసారన్నా వచ్చే సామెత. ఆ నోరు కోడలి మింద, కూలోళ్ళ మింద లేచినప్పుడు ఊరు ఎంత మంచిదవుతాదో మాత్రం అడగద్దండి.

మొగుడు తిమ్మప్పకు ఇదంతా ఒక ఆట. చేన్లో ఏసిన బోరు ఎండిపోయి శానా ఏండ్లాయ. ఎవరైనా "ఏమన్నా, బోర్లో నీళ్ళుండాయా?" అని అడిగితే, పెండ్లాం వినేట్టు గట్టిగా, "నిండుకున్యాయప్పా! మాదే కాదు, ఈ అనంతపురం మెట్టలో ఏ బోరు చూసినా నిండుకునే ఉంటాది" అంటాడు. విన్నోళ్ళు నవ్వుతారు. వనజాక్షి, "నీ నోరు పడిపోనూ" అని లోపలికి పోతాది. పోతా పోతా తానూ నవ్వుతాది గానీ, అది మొగునికి అగుపడనీదు.

శింగనమల చెరువు నిండిన ఏడు గూడా ఆ నీళ్ళు వాళ్ళ చేనికి ఎక్కవు. ఊరు ఎగువన, ఎర్రనేల మింద ఉండాది. పలుగురాళ్ళు ఏరే కొద్దీ పుడతానే ఉంటాయి. ఆ నేల్లో వానకు నాటేది చెనిక్కాయ, అంటే వేరుశనగ. నడుమ నడుమ ఒక సాలు కంది, ఒక సాలు అనుములు. చెనిక్కాయ ఎండిపోయిన ఏడు గూడా అనుములు నిలబడతాయి. వానలు ఆగిపోయినాక, కార్తీకంలో కురిసే మంచుకే పూత పట్టి కాస్తాయి.

ఆ అనుముల సంగతి చెప్పకుంటే వనజాక్షి సంగతి చెప్పినట్టు గాదు. అంగట్లో దొరికే అనుములు కావవి. చిన్నవి, గుండ్రంగా, పక్కన నల్ల గీత. పచ్చి అనపకాయ కోస్తే చేతికి జిడ్డంటుతాది, ఆ వాసన సబ్బేసి తోమినా రెండు పూటలు పోదు. సంగటిలోకి ఆ గింజల కూర చేసిన దినం వీధి మొత్తానికి తెలిసిపోతాది. పెండ్లయ్యి ఈ ఊరికొచ్చేటప్పుడు వాళ్ళవ్వ ఒళ్ళో పోసిన గింజలు. "బంగారం కుదవకు పోతాది, ఇది మాత్రం ఎవురూ కుదవ పెట్టుకోరు. భద్రంగా చూసుకో" అనిందంట ముసలామె. చుట్టుపక్కల అందరూ అంగడి ఇత్తనాలకు మళ్ళినారు. ఈ రకం నిలిచింది వనజాక్షి కాడ మాత్రమే.

ఇత్తనాలకని ఒక మట్టికుండ. బూడిద కలిపి, వేపాకు ఏసి, మూతి పేడతో మెత్తి అటక మింద పెడతాది. నాటినాక గూడా ఆ కుండను ఖాళీగా పెట్టదు. దాన్నిండా జల్లించిన బూడిద పోసి, మళ్ళీ మూతి మెత్తి, కొత్త గింజలొచ్చేదాకా అట్లే ఉంచుతాది. ఖాళీ కుండ ఇంట్లో ఉండకూడదు గదా మరి! చేన్లో పంట పక్వానికొచ్చే ముందర, బాగా కాసిన చెట్లు చూసి, పాత చీర చించిన ఎర్ర పీలికలు కడతాది. పీలిక కట్టిన చెట్టు ఇత్తనానిది. దాని మింద చెయ్యి పడితే దేవుడైనా సరే, వనజాక్షి చేతిలో అయిపోతాడు.

అయినా ఏడాదికొకసారి ఒక మనిషి ఆ యమ్మను చేన్లో ఎదిరిస్తాది. పేరు రెబెకా. ఊరి చివర చర్చి కాడ కాలనీలో ఉంటాది. వనజాక్షి కన్నా పెద్దది, మొగుడు లేడు, కూలికి పోయి బతుకుతాది. పంట ఎత్తినాక చేన్లో రాలిన కాయలు, గింజలు ఏరుకునేది లేనోళ్ళ హక్కు. పరిగె అంటారు దాన్ని. చేనోళ్ళు "దిగండి" అనేదాకా గెనిమ గట్టు మిందనే నిలబడాల. వనజాక్షి అంత సులభంగా అనదు. కోడల్ని ఎంట బెట్టుకొని ముందర తాను సాలు సాలూ వెతికి, రాలింది రాలినట్టు ఎత్తుకునినాకే పరిగె వాళ్ళను దిగనిస్తాది. దిగినాక గూడా గెనిమ మింద నిలబడి అరుస్తాది.

"చేను ఊడ్చుకోని పోతాండావు గదే రెబెకా! నాలుగు గింజలన్నా భూమికి ఇడువు!"

"భూమికి ఇడిసినవే ఏరుకుంటాండానమ్మా. నువ్వు ఇడిసినవైతే ఇంతవరకూ నాకు ఒక్కటి అగుపడలేదు" అంటాది రెబెకా, తలెత్తకుండానే.

చేను మొత్తం నవ్వుతాది. వనజాక్షికి ఒళ్ళు మండుతాది. పరిగెకు వచ్చినోళ్ళు పదిమంది ఉన్నా ఆ యమ్మ కండ్లు రెబెకా ఒడి మిందనే ఉంటాయి. ఎందుకని అడిగితే ఆ యమ్మ గూడా చెప్పలేదు. రెబెకా ఏరితే ఒక్క గింజ మిగలదు, అంత శుభ్రంగా ఏరుతాది. తాను ఏరినట్టే ఏరుతాది. బహుశా అదే కారణమేమో.

ఈయేడు వానలు ఆడుకున్యాయి. తొలి వానకు నాటింది మొలిచి, మొలిచినట్టే మాడిపోయింది. రెండో వానకు మళ్ళీ నాటినారు. చెనిక్కాయ ఇత్తనమంటే మళ్ళీ తెచ్చుకున్యారు. అనుములు యాడ తెచ్చేది? కుండలో ఉండే గింజలు శానామటుకు తొలిసారే పోయినాయి. కుండ అడుగున చెయ్యి పెట్టి తడిమితే రెండు దోసిళ్ళు దొరికినాయి. ఆ రెండు దోసిళ్ళు చేను మూలన, పల్లం తట్టు నాటింది వనజాక్షి. ఎప్పట్లాగే కుండనిండా బూడిద పోసి అటకెక్కించింది. "మంచుకు కాస్తాయిలే" అని తనకు తానే చెప్పుకునింది.

కాసినాయి. కార్తీకం వచ్చేసరికి ఆ మూల పచ్చగా, గుత్తులు గుత్తులుగా కాసినాయి. అందులో బాగున్న చెట్లన్నిటికీ ఎర్ర పీలికలు కట్టింది. ఈసారి ఎప్పటికన్నా ఎక్కువ కట్టింది. కూరకు ఇడిసింది నాలుగైదు చెట్లే. ఆ పీలికల కాయలు ఎండి చేతికొస్తేనే కుండలోకి ఇత్తనం. రాకుంటే వాళ్ళవ్వ రకం ఆ యమ్మతోనే సరి.

ఇంతలో అనంతపురం ఆసుపత్రిలో అక్క ఇంద్రాణికి కంటి ఆపరేషను. అక్కకు తోడు ఇంకెవురూ కుదరలేదు. కార్తీకంలో చేనిడిసి పోయేదంటే వనజాక్షికి ప్రాణం పోయినట్టే. దొడ్లో పని ఎంతుండాదో చూసుకోండి! గుమ్మడికాయలు తొడిమెతో కోసి అటకెక్కించాల. ఎండిన బీరకాయలు చూరుకు యాలాడదీయాల. మిరపపండ్లు ఆరబెట్టాల, మంచు పడకముందే మాపటేల ఎత్తాల. ఇత్తనానికి ఇడిసిన సొరకాయను ఎలుక కొట్టకుండా చూడాల. ఇవన్నీ కోడలికి ఒప్పజెప్పి, ఒప్పజెప్పిందే మళ్ళీ ఒప్పజెప్పి, "పోయొస్తా" అని బస్సెక్కింది.

కోడలి పేరు జ్యోతిలక్ష్మి. ధర్మవరం పిల్ల. వాళ్ళింట్లో తరాలుగా మగ్గమే. కొడుకు విష్ణువర్ధన్ తాడిపత్రిలో బండల పాలిషు ఫ్యాక్టరీలో పనిచేస్తా, ఆ పిల్లను ఇష్టపడి చేసుకున్యాడు. వారానికొకసారి ఇంటికొస్తాడు. పిల్ల చురుకైంది, చేతిపని చూస్తే ముచ్చటేస్తాది. కానీ పట్టుదారం తెలుసు గానీ పంట తెలియదు. వచ్చి ఏడాది నిండలేదు. "లేదు" అన్నప్పుడల్లా అత్త కండ్లెర్రజేస్తే ఎందుకో అర్థంగాక బిత్తరపోయేది. అడిగితే ఇంకేమంటాదో అని అడిగేది గాదు. ఇంత చదివించిన మనం, ఇంత నేర్పించిన అత్తలం, ఆ పిల్లను కూచోబెట్టి ఈ మాటకు ఇదీ అర్థం అని ఒక్కనాడు చెప్పినామా? ఎవురూ చెప్పలేదు. చెప్పకుండానే తెలియాలంటిమి.

వనజాక్షి పోయిన మర్నాడే వాన పడింది. ఎప్పుడో రావాల్సిన వాన అప్పుడొచ్చి నేల మెత్తబడింది. చెనిక్కాయ పీకేకి అదే పదును. ఆరితే నేల బిగిసి, చెట్టు చేతికొస్తాది, కాయ భూమిలోనే తెగిపోతాది. తిమ్మప్ప పరిగెత్తి కూలోళ్ళను మాట్లాడుకున్యాడు. తెల్లారితే వస్తారు, వచ్చినోళ్ళందరికీ సంగటి, కూర చెయ్యాల. జ్యోతి అత్తకు ఫోను చేసింది.

ఆసుపత్రి వరండాలో అప్పుడే లైట్లు ఏస్తాండారు.

"అత్తా, రేపు కూలోళ్ళు వస్తాండారు. సంగటిలోకి అనపకాయలు కోయనా?"

"కోయి. మూలన ఉండాయి గదా."

"అవి నాలుగు చెట్లేగా అత్తా, ఇంతమందికి యాడ సాలుతాయి? పీలికలు కట్టినవి బాగా కాసినాయి, అవి గూడా కోయనా? అటక మింద కుండలో ఇత్తనాలుండాయా?"

"లేవు" అనే మాట నాలిక చివరకొచ్చింది. ఎదురుగా లైటు ఎలిగింది. దీపాల యాళ. పైగా ఇత్తనం సంగతి. లోపల అక్క కండ్లకు కట్టుతో పడుకోనుండాది. ఇట్లాంటి చోట, ఇట్లాంటి యాల్లో ఆ మాట ఎట్లనేది? వనజాక్షి ఆ మాటను మింగేసింది.

"నిండుకున్యాయి" అనింది.

"ఓ! సరే అత్తా" అనింది జ్యోతి సంతోషంగా, పెట్టేసింది.

ఇదేం అన్యాయమండీ! ఒక్క మాట. ఇంకొక్క మాట అనుంటే సరిపోయేది, పీలికల జోలికి పోవద్దు అని. ఆ యమ్మ అనలేదు. అనాల్సిన పని ఉండాదని తోచలేదు. కుండ నిండుకునిందని చెప్పినాక బుద్ధున్నోళ్ళెవరైనా ఇత్తనం కాయ కోస్తారా? పిల్లకు తెలిసొచ్చిందిలే అని అక్క మంచం కాడికి నిమ్మళంగా పోయింది.

ఈడ జ్యోతి ఫోను పెట్టీ పెట్టకనే అటకెక్కింది. అత్త మాట మింద అపనమ్మకం కాదు, జాగ్రత్త. కుండను రెండు చేతుల్తో ఎత్తి చూసింది. బరువుగా ఉండాది, మూతి మెత్తి ఉండాది. అత్త చెప్పినట్టే నిండుగా ఉండాది. ఇంగేం! తెల్లారే ఒక గంప తీసుకొని చేను మూలకు పోయింది. కోసేటప్పుడు చెనిక్కాయ పీకేకి వచ్చిన రెబెకా పక్క సాల్లో నుంచి చూసి, "పాపా, ఆ పీలికలు మీ అత్తవి, ముట్టద్దు" అనింది. "అత్తను అడిగినాలే రెబెకమ్మా. కుండ నిండుగా ఉండాదంట" అనింది జ్యోతి. రెబెకా మళ్ళీ వంగి చెనిక్కాయ చెట్టు పీకింది. పక్కోళ్ళ ఇంట్లో కుండ నిండుగా ఉండాదో లేదో కూలికొచ్చినోళ్ళకేం తెలుసు?

ఆ దినం అందరూ కడుపునిండా తిన్యారు. కూర అంత బాగా ఎప్పుడూ కుదరలేదని తిమ్మప్పే మెచ్చుకున్యాడు. కాయల పొట్టు ఎనుము తినింది.

వనజాక్షి బస్సు దిగి, సంచి ఇంట్లో పెట్టకముందే చేన్లోకి పోయింది. పీకిన చెనిక్కాయ చెట్లు సాళ్ళ మింద తిరగేసి ఎండుతాండాయి. పని బాగా చేయించినాడే అని మొగుణ్ణి మనసులోనే మెచ్చుకుంటా మూలకు పోయింది. అనప చెట్లుండాయి, పీలికలుండాయి. కాయలు లేవు. గాలికి ఎర్ర పీలికలు ఊగుతాండాయి. ఒక్కొక్క చెట్టూ ఎత్తి, ఆకు ఆకూ తిప్పి చూసింది. కొనల్లో రవ్వంత పూత, అంతే. వాన పోయినా మబ్బు పోలేదు, పూతకు పురుగు పట్టుకోనుండాది. ఆ పూత నిలవదని ఆ యమ్మకు చూస్తేనే తెలిసింది.

ఇంటికొచ్చి జ్యోతిని ఏమేమనిందో అవన్నీ ఈడ రాస్తే బాగుండదు. మగ్గం గుంతలో పుట్టినదానికి మన్ను విలువేం తెలుసని మాత్రం అనింది. ఆ మాట జ్యోతికి శానా లోతుగా తగిలింది. అంతసేపూ తల దించుకోని నిలబడిన పిల్ల తలెత్తింది. కండ్లనిండా నీళ్ళు.

"నువ్వే గదా అత్తా చెప్పింది! కుండలో ఉండాయా అని అడిగితే నిండుకున్యాయి అన్లేదా?"

"అంటే?" అనింది వనజాక్షి.

"నిండుకున్యాయంటే నిండుగా ఉండేదే గదా? మా ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయినాయనే అంటాము. అయిపోయినాయంటే మా నాయన పోయి తెస్తాడు. నేను కుండ ఎత్తి గూడా చూసినా. బరువుండాది!"

తిమ్మప్పకు నవ్వొచ్చింది. "కొండనాలిక్కు మందేస్తే ఉండే నాలికే ఊడె" అని నవ్వబోయి, పెండ్లాం మొగం చూసి ఆగిపోయినాడు. ఆ మొగం ఆయన అంతకు ముందెప్పుడూ చూడలేదు. బోరు ఎండినప్పుడు గూడా చూడలేదు. వనజాక్షి అటకెక్కి కుండ దించింది. మూతి పగలగొట్టి నడవలో బోర్లించింది. బూడిద, బూడిదలో వేపాకు. ఆ బూడిదను రెండు చేతుల్తో జల్లిస్తా కూచునింది. ఒక్క గింజైనా మిగిలి ఉండకపోతాదా అని.

జ్యోతి పక్కన కూచోని తానూ జల్లించింది. జల్లిస్తానే చిన్నగా అనింది. "అత్తా, కాయలు ఒలిచేటప్పుడు రెబెకమ్మ చెయ్యి వాసన చూసుకోని, మా కంప మింద కాసేది గూడా ఈ రకమే అనింది."

వనజాక్షి చెయ్యి ఆగింది.

పరిగె ఏరుకునే రెబెకా ఇంటికి ఇత్తనం అడిగేకి పోవాల్నా? ఆ మాట ఎవురూ పైకనలేదు గానీ, ఆ యమ్మ లోపల అది తిరుగుతానే ఉండాది. ఆ రాత్రి సంగటి ముట్టలేదు. మర్నాడు పొద్దున దొడ్లో గుమ్మడికాయలు అటకెక్కించింది, మిరపపండ్లు తిరగేసింది, చూరు కింద బీరకాయలు మార్చి మార్చి కట్టింది. చేతికి పని దొరికినంతసేపూ పోకుండా తప్పించుకునింది. వాళ్ళవ్వ గుర్తొచ్చింది. భద్రంగా చూసుకో అనిందే గానీ, పోతే ఎవర్ని అడగాల్నో ముసలామె చెప్పలేదు. మధ్యాన్నం దాటినాక లేచింది. ఇత్తనం ఊరికే తీసుకోకూడదని ఒక చాటనిండా చెనిక్కాయలు పోసుకోని, సెరుగు కప్పి, కాలనీకి నడిచింది.

రెబెకా ఇంట్లో లేదు. ఎవరి చేన్లోనో కూలికి పోయింది. వనజాక్షి ఆ అరుగు మింద కూచోని ఎదురుచూసింది. ముండ్లకంప మింద తీగ దట్టంగా అల్లుకోనుండాది. తుంచి వాసన చూడాల్సిన పనే పడలేదు, కూచున్నచోటికే వాసన వస్తాండాది. తన చేను మూల వాసన అది. అరిచి, తరిమి, కాపలా కాసి చూసుకున్నది తన చేతిలో పోయింది. అరుపులు తిన్నది ఈడ పచ్చగా ఉండాది. ఆ యమ్మకు సిగ్గనిపించింది. సిగ్గుతోపాటు సంతోషం గూడా కలిగింది, బతికుండాది గదా అని. రెండూ ఒకేసారి కలిగితే ఏం చెయ్యాల్నో తెలియక చాట మింద సెరుగు సర్దుకుంటా కూచునింది.

రెబెకా వచ్చేసరికి దీపాల యాళ అయిపోయింది. ఇత్తనం అడగకూడని యాళ.

"ఏమమ్మా, ఇంతదూరం వచ్చినావు?" అనింది రెబెకా, నెత్తి మింద గడ్డిమోపు దించుతా.

"అనుములు..." అనింది వనజాక్షి.

"ఊ, అనుములు?"

"మా ఇంట్లో నిండుకున్యాయి."

రెబెకా కాళ్ళు కడుక్కుంటా ఒక్క చూపు చూసింది. ఊరంతా పాకిపోయిన సంగతి తనకు తెలియకుండా ఉంటాదా? తెలుసు. మొగంలో నవ్వు మాత్రం రానీలేదు.

"నిండుకుంటే మంచిదే గదమ్మా. దేవుడు సల్లగా చూసినాడు. ఇంగేం కావాల?"

"అట్ల గాదు రెబెకా. నేనేమంటాండానో నీకు తెలుసు."

"నాకు తెలుసు. మీ కోడలికి తెలియకపాయె గదా పాపం. అందుకే అడుగుతాండా. ఉండాయా, లేవా?"

కాలనీ స్తంభానికి లైటెలిగింది. చర్చి కాడ ఎవరో పిల్లల్ని ఇంటికి పిలుస్తాండారు. పుట్టి బుద్ధెరిగినాక ఈ యాల్లో అనని మాట అది. అంటే ఏమవుతాది? పోవాల్సింది పోనే పాయె.

"లేవు" అనింది వనజాక్షి. అన్నాక ఇంగ ఆగలేదు. "లేవు రెబెకా. ఒక్క గింజ గూడా లేదు. మా అవ్వ ఒళ్ళో పోసినవి. నా నోటితో నేనే పోగొట్టుకుంటి." సెరుగు నోటికడ్డం పెట్టుకోని ఏడ్చింది. పిల్లను ఎన్ని మాటలంటినే అని గూడా ఏడ్చింది.

ఆ యమ్మ ఏడుపు ఆగినాక రెబెకా పక్కన కూచునింది.

"అట్ల చెప్పాల. మా ఇంట్లో డబ్బా ఖాళీ అయితే ఖాళీ అనే అంటామమ్మా. వారానికోసారి ఖాళీ అయ్యే డబ్బాకు మంచి మాటలు యాడ తెచ్చేది? లేదంటేనే గదా ఎవరైనా ఇంత పెట్టేది. నిండుకునిందని కూచుంటే, సంతోషమే అని పక్కింటోళ్ళు గూడా ఎళ్ళిపోతారు."

లోపలికి పోయి ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. మూత తీస్తే బూడిద, బూడిదలో గింజలు. చిన్నవి, గుండ్రంగా, పక్కన నల్ల గీత.

"నీ చేనివే. పోయినేడు నువ్వు గెనిమ మింద నిలబడి అరుస్తాంటే ఏరుకున్నవి. కొన్ని వండుకుంటి, కొన్ని కంపకు ఏస్తి, ఇవి మిగిలినాయి. సెరుగు పట్టు. సగం నీకు, సగం నాకు. నీ కాడ పోతే నా కాడ ఉంటాయి, నా కాడ పోతే నీ కాడ ఉంటాయి."

మొదటి దోసిలి సెరుగులో పడుతూనే "లాభం" అనింది వనజాక్షి, తనకు తెలియకుండానే. రెబెకా పకపకా నవ్వింది. వనజాక్షికీ నవ్వాగలేదు. ముక్కు తుడుచుకుంటా, చాట ముందరికి జరిపి, "ఇవి తీసుకో అక్కా. ఇత్తనం ఊరికే తీసుకోకూడదు" అనింది. అక్కా అన్న మాట రెబెకా విన్నది గానీ, విన్నట్టు చెప్పలేదు.

అట్లని వనజాక్షి మారిపోయిందనుకోవద్దండి. మర్నాడే తిమ్మప్ప వంటింట్లోకి తొంగిచూసి "ఉప్పు అయిపోయినట్టుండాదే" అంటే కండ్లెర్రజేసింది. కాకుంటే ఆ పూటే జ్యోతిని పక్కన కూచోబెట్టుకోని, మగ్గం గుంత మాట అన్నందుకు తప్పయిపోయిందని చెప్పింది. ఆ పైన ఏ మాటకు ఏం అర్థమో ఒక్కొక్కటే చెప్పింది. "అయితే అత్తా, ఇత్తనాల సంగతి మాత్రం ఉండేది ఉండేట్టే చెప్పుకుందాము" అనింది జ్యోతి. వనజాక్షి సరే అనింది. ఇద్దరూ కలిసి గింజలకు కొత్త బూడిద కలిపి, కుండలో పోసి, మూతి మెత్తినారు.

చెనిక్కాయ చెట్లు ఎండినాక ఎత్తి కుప్పగా వామి ఏసినారు. ఆ దినం పొద్దుతోనే పరిగె వాళ్ళు వచ్చి గెనిమ మింద నిలబడినారు. రెబెకా ఒక చివరన నిలబడి ఒడి కట్టుకోనుండాది. జ్యోతి గంప తీసుకొని అత్త ఎంట చేన్లోకి దిగింది. రెండు సాళ్ళు నడిచి, వంగి, మట్టి గీరి చూసింది. వాన పదునుకు పీకినా శానా కాయలు తెగి భూమిలోనే ఉండాయి.

"అత్తా, ఈడ బాగా కాయలుండాయి! సాలు సాలుకూ ఉండాయి. ఏరదామా?"

వనజాక్షి వంగలేదు. ఎదురుగా ఎర్రగా, తిరగబడిన మట్టితో చేను. చెప్పుకింద కాయ తగులుతాండాది, తెలుస్తానే ఉండాది. కోడలి చేతిలో గంప తీసుకొని సంకలో పెట్టుకునింది. గెనిమ మింద నిలబడినోళ్ళందరికీ వినపడేట్టు గట్టిగా అనింది.

"లేవు. ఏమీ లేవు జ్యోతీ. రెబెకక్కను దిగమను."